ఇంటి కొలిమి: పనిముట్లే పాఠాలు

ఊళ్ళో ఏ వృత్తి పనిముట్టయినా కొలిమి దాకా వెళ్ళి రావలసిందే. వడ్రంగి బాడిస, రైతు నాగలి కర్రు, కల్లుగీసేవారి కత్తి, చెప్పులు కుట్టే ఆరె, అన్నీ కమ్మరి చేతుల మీదుగా వచ్చినవే. మరి కమ్మరి పటకారు, ఉలి, సుత్తె ఎవరు చేస్తారు? కమ్మరే. తన పనిముట్లను తన పనితోనే ఇంత పూర్తిగా చేసుకోగల వృత్తి మరొకటి కనబడదు. పొట్టకూటి కోసం కాకుండా ఇష్టం కొద్దీ ఇనుము కొట్టడం నేర్చుకునేవారి సంగతి మాట్లాడాలంటే ఇక్కణ్ణించే మొదలుపెట్టాలి.

అలాంటివారు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నారు. పగలంతా వేరే ఉద్యోగం చేసుకుని, సెలవు రోజున పెరట్లో కొలిమి రాజేసుకునేవారు అమెరికా, బ్రిటన్‌లలో వేలల్లో ఉంటారు. మన నగరాల్లోనూ ఈ ఆసక్తి మొలకెత్తుతోంది. వాళ్ళందరికీ ఎదురయ్యే ప్రశ్నలు ఒకటే. బొగ్గు మంచిదా, గ్యాసు మంచిదా? దాగలి కొనాలా, దొరికిన దిమ్మతో సరిపెట్టుకోవాలా? తుక్కు ఉక్కును నమ్మవచ్చా? ముందు కత్తి చేయాలా, పటకారు చేయాలా? ఒక్కో ప్రశ్న మీద యాభై ఏళ్ళుగా వాదనలు పోగుపడ్డాయి. వాటిని వరసగా చూసి, ఏ వాదన ఎంత వరకు నిలుస్తుందో తేల్చడం ఈ వ్యాసం పని. నా నిర్ణయం ముందే చెబుతాను. ఇంటి కొలిమికి పనిముట్ల తయారీయే అసలైన పాఠ్యక్రమం. మిగతా ప్రశ్నలన్నిటికీ అదే గీటురాయి.

ఆరిపోయిన కొలిమి మళ్ళీ రాజుకున్న తీరు

ఇరవయ్యో శతాబ్దం సగానికి వచ్చేసరికి పారిశ్రామిక దేశాల్లో కమ్మరం దాదాపు అంతరించింది. గుర్రాలు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. గేట్లు, గొళ్ళేలు కర్మాగారాల నుంచి రావడం మొదలైంది. బ్రిటన్‌లో గ్రామీణ పరిశ్రమల కోసం పనిచేసిన ఒక సంస్థ, ఆ విద్య పూర్తిగా చెదిరిపోకముందే ‘ది బ్లాక్‌స్మిత్స్ క్రాఫ్ట్’ అనే పాఠ్యపుస్తకం వేసింది. మొనతీయడం, వంచడం, బెజ్జం వేయడం, అతకడం, ఇలా ఒక్కో పనినీ ఫొటోలతో వరస పాఠాలుగా చూపిన పుస్తకం అది. దాని క్రమం నేటికీ చెక్కుచెదరలేదు.

అమెరికాలో 1969లో అలెక్స్ బీలర్ రాసిన ‘ది ఆర్ట్ ఆఫ్ బ్లాక్‌స్మితింగ్’ చాలామందిలో కుతూహలం రేపింది. 1973లో జార్జియా రాష్ట్రంలోని లంప్‌కిన్‌లో కొద్దిమంది కమ్మరులు కలుసుకుని ఉత్తర అమెరికా కళాకమ్మరుల సంఘం పెట్టుకున్నారు. ‘అబానా’ అని పిలిచే ఆ సంఘానికి ఇప్పుడు రాష్ట్రరాష్ట్రాన శాఖలున్నాయి. 1978లో బ్రిటన్‌లోనూ అలాంటి సంఘమే వెలిసింది.

ఈ ఉద్యమంలో నా దృష్టికి అన్నిటికంటే విలువైన మలుపు అలెగ్జాండర్ వైగర్స్ పుస్తకాలు. 1901లో జావాలో డచ్చి కుటుంబంలో పుట్టిన ఈయన ఇంజినీరు, శిల్పి. కాలిఫోర్నియాలోని కార్మెల్ వ్యాలీలో స్థిరపడి, తుక్కు సామానుతో తన పనిముట్లన్నీ తానే చేసుకున్నాడు. 1973లో ‘ది మేకింగ్ ఆఫ్ టూల్స్’, మరుసటి ఏడాది ‘ది మోడర్న్ బ్లాక్‌స్మిత్’ వెలువరించాడు. పాత కారు స్ప్రింగు ఉలి ఎలా అవుతుందో, పారేసిన ఇరుసు సుత్తె ఎలా అవుతుందో సొంత బొమ్మలతో విడమరిచాడు. బీలర్ పుస్తకం కమ్మరం ఒకప్పుడు ఎలా ఉండేదో చెప్పింది. వైగర్స్ పుస్తకం చదివినవాడు ఆ సాయంత్రమే ఏం మొదలుపెట్టవచ్చో తెలుసుకున్నాడు. డబ్బు లేనివాడు, గురువు దొరకనివాడు ఈ విద్యలోకి రాగలిగింది ఆ దారిలోనే.

నిప్పు: బొగ్గా, గ్యాసా?

కొలిమికి కావలసినవి మూడే: మంట పోగయ్యే చోటు, గాలి, ఇంధనం. చోటు కోసం చాలామంది పాత లారీ బ్రేక్ డ్రమ్ము తీసుకుని, అడుగున గొట్టం బిగించి, చిన్న బ్లోయర్ పెడతారు. అంతకంటే తేలికైనది మట్టి కొలిమి. చెక్కపెట్టెలోనో ఇటుకల మధ్యనో బంకమట్టి, ఇసుక కలిపి దట్టించి, నడుమ గుంట తీసి, పక్కనుంచి ఇనుప గొట్టం పెడితే చాలు. మన ఊళ్ళలో తిత్తితో నడిచిన నేల కొలిమి నిర్మాణం ఇదే. బ్రేక్ డ్రమ్ము మీద ఎంత ప్రచారం ఉన్నా, మొదటిసారి మొదలుపెట్టేవారికి మట్టి కొలిమే మేలని నా అభిప్రాయం. గుంట లోతు, వెడల్పు సరిపోకపోతే మరునాడే మార్చుకోవచ్చు. మంట ఎక్కడ చిక్కగా ఉంటుందో, గాలి ఎక్కువైతే ఇనుము ఎలా పొక్కుతుందో అలా మార్చి మార్చి చూస్తేనే తెలుస్తుంది.

ఇంధనం విషయంలో విదేశీ పుస్తకాలను మక్కీకి మక్కీ నమ్మకూడదు. వాళ్ళు చెప్పే కమ్మరి బొగ్గు వేడికి ముద్దకట్టి కోక్‌గా మారే రకం. మనకు దగ్గరలో దొరికే సింగరేణి బొగ్గు అలా కోక్ కట్టదు, బూడిద కూడా ఎక్కువే. ఆ రాక్షసి బొగ్గుతో పని జరగదని కాదు. చిట్టెం ఎక్కువ పడుతుంది, మంటను మాటిమాటికీ శుభ్రం చేసుకోవాలి. కట్టె బొగ్గుకు ఆ బాధ లేదు. సర్కారు తుమ్మ బొగ్గు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దొరుకుతుంది. గంధకం దాదాపు ఉండదు కాబట్టి ఉక్కుకు మంచిది. కాకపోతే త్వరగా కాలిపోతుంది, నిప్పురవ్వలు ఎగురుతాయి, గాలి మెల్లగా ఇవ్వాలి.

గ్యాసు కొలిమి పరిస్థితి వేరు. ఇనుప డబ్బాకు లోపల సిరామిక్ పీచు దుప్పటి పరిచి, దాని మీద వేడిని తట్టుకునే పూత పూసి, గాలిని తానే లాక్కునే బర్నర్ బిగిస్తారు. పొగ రాదు, వేడి సమంగా ఉంటుంది, నిమిషాల్లో సిద్ధమవుతుంది. నగరంలో ఇరుగుపొరుగుల మధ్య ఉండేవారికి ఇదే అనువు. ఇబ్బందులూ ఉన్నాయి. కడ్డీలో ఒక్క అంగుళం మాత్రమే ఎర్రబడాలంటే గ్యాసు కొలిమిలో కష్టం. పూత లేని పీచు నుంచి సన్నని దుమ్ము లేచి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. వంటింటి రెగ్యులేటరు ఇచ్చే ఒత్తిడి ఈ బర్నర్‌కు చాలదు. పైగా ఇంటికిచ్చే 14.2 కిలోల సిలిండరును వంటకు తప్ప మరో పనికి వాడటం 2000 నాటి ఎల్పీజీ ఉత్తర్వు ప్రకారం నిషిద్ధం. వాణిజ్య సిలిండరు, దానికి తగిన అధిక పీడన రెగ్యులేటరు, వెనుమంటను ఆపే కవాటం సమకూర్చుకోలేనివారు గ్యాసు జోలికి పోకపోవడమే మంచిది.

వాదనలన్నీ పక్కన పెట్టి చూస్తే తేలేది ఇది. బొగ్గు కొలిమి నిప్పును చదవడం నేర్పుతుంది, గ్యాసు కొలిమి సమయం మిగులుస్తుంది. నేర్చుకునేవాడికి మొదటిది అవసరం, చేయి తిరిగినవాడికి రెండోది సౌకర్యం.

దాగలి మీద పెంచుకున్న భ్రమ

ఇంటి కమ్మరులు ఎక్కువ డబ్బు, దిగులు ఖర్చుపెట్టేది దాగలి మీదే. కొమ్ము, నడుము, వెనక చదరపు బెజ్జం ఉన్న యూరోపియన్ దాగలి బొమ్మ అందరి మనసులోనూ పాతుకుపోయింది. అది దొరక్కపోతే పనే మొదలవదని అనుకుంటారు. చరిత్ర చూస్తే అందులో నిజం లేదు. 1936లో స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ ద్వీపంలో, మాస్టర్‌మిర్ అనే చోట పొలం దున్నుతుంటే వైకింగుల కాలపు పనిముట్ల పెట్టె బయటపడింది. అందులోని దాగలులు చేత్తో ఎత్తి పెట్టగలిగినంత చిన్నవి. జపాను కత్తులు చేసేవారు సాదా ఉక్కు దిమ్మ మీదే పని చేస్తారు. మన కమ్మరి దాగలి కూడా మొద్దులోకో నేలలోకో దిగ్గొట్టిన నలుపలక దిమ్మే. బండి చక్రాల పట్టాలూ గొడ్డళ్ళూ తరతరాలుగా ఆ దిమ్మల మీదే తయారయ్యాయి.

దాగలికి కావలసిన గుణాలు రెండు. ముఖం గట్టిగా ఉండి సుత్తెను వెనక్కి ఎగరేయాలి. దెబ్బ పడే చోటికి నేరుగా కింద బరువు ఉండాలి. 10 సెంటీమీటర్ల నలుపలక ఉక్కు దిమ్మ 30 సెంటీమీటర్ల పొడవుంటే సుమారు 23 కిలోలు తూగుతుంది. దాన్ని నిలువుగా మొద్దులో దించి కదలకుండా బిగిస్తే, కిలో సుత్తెతో చేసే పనులన్నిటికీ సరిపోతుంది. అదే బరువును పలకలా అడ్డంగా పడేస్తే సగం శక్తి ఊగడానికే పోతుంది. పోత ఇనుముతో చేసిన చవక దాగలులు అంగట్లో కనిపిస్తాయి. వాటి మీద సుత్తె ఎగరదు, అంచులు పెళ్ళలుగా ఊడిపోతాయి. కొనేముందు ఒక బేరింగు గుండును ముఖం మీద వదిలి చూడాలి. పడిన ఎత్తులో చాలా వంతు తిరిగి లేస్తే ఉక్కు, చచ్చుగా ఆగిపోతే పోత ఇనుము.

రైలు పట్టా ముక్క గురించి ఒక హెచ్చరిక. విదేశీ పుస్తకాలన్నీ దాన్ని సిఫారసు చేస్తాయి, కారణమూ ఉంది. మన ప్రధాన మార్గాల్లో వాడే పట్టా మీటరుకు 60 కిలోలు ఉంటుంది, అంటే అడుగు ముక్క 18 కిలోలు. నిలువుగా నిలబెడితే చక్కటి దాగలి. కానీ మన దేశంలో రైల్వే సొత్తు లెక్క చూపలేకుండా దగ్గర పెట్టుకోవడం 1966 నాటి చట్టం కింద నేరం. వేలంలో కొన్నవారి నుంచి రసీదుతో తీసుకుంటే తప్ప ఆ ముక్క ఇంటికి తేకూడదు. లారీ ఇరుసు ముక్క, లేదంటే పాత యంత్రాల దుకాణంలో దొరికే మందపాటి ఉక్కు దిమ్మ ఏ చిక్కూ లేని దారి.

కొమ్ము కావాలంటే లావుపాటి కడ్డీని శంకువులా సాగగొట్టి దిమ్మ పక్కన దించుకోవచ్చు. బెజ్జం కావాలంటే రెండు పలకల మధ్య ఖాళీ చాలు. యూరోపియన్ దాగలిలో ఒక్కచోట చేరిన సౌకర్యాలను మనం విడివిడిగా, అవసరం పుట్టినప్పుడు చేసుకుంటాం. ఆ ఒక్కొక్కటీ ఒక పాఠం.

పటకారు నుంచి సుత్తె దాకా

ఏ వరసలో పనిముట్లు చేసుకోవాలన్నది ఈ విద్యకు గుండెకాయ. అనుభవజ్ఞులు సూచించే క్రమాల్లో చిన్న తేడాలున్నా దారి ఒకటే.

మొదటి మెట్టులో పటకారు అక్కర్లేదు. రెండడుగుల కడ్డీ తీసుకుంటే రెండో చివర చేత్తో పట్టుకునేంత చల్లగానే ఉంటుంది. దానితో మొన తీయడం, కొక్కెం వంచడం, మెలిపెట్టడం నేర్చుకోవచ్చు. ఇక్కడ చెయ్యి తెలుసుకోవలసింది ఒక్కటే. దెబ్బకు ఇనుము ఎటు వెళుతుందో ఊహించగలగాలి. చదునైన సుత్తె ముఖం అన్ని వైపులా సాగదీస్తుంది. అంచు గుండ్రంగా ఉన్న ముఖం ఒక వైపుకే తోస్తుంది.

రెండో మెట్టులో ఉలి, పంచ్. కారు చక్రం పైనుండే చుట్ట స్ప్రింగు ముక్కను కాల్చి తిన్నగా చేస్తే వీటికి సరిపోయే ఉక్కు దొరుకుతుంది. పని చేసే కొనను మాత్రమే గట్టిపరచి, సుత్తె పడే కొనను మెత్తగా వదిలేయాలి. రెండు వైపులా గట్టిగా ఉంటే దెబ్బకు పెచ్చులు లేచి కంట్లో పడతాయి. ఎర్రటి ఇనుములో దిగే పంచ్‌ను గట్టిపరచడానికి పెద్దగా శ్రమ పడనక్కర్లేదు, ఆ వేడికే దాని గట్టిదనం పోతుంది. నాలుగు దెబ్బలకొకసారి తీసి నీళ్ళలో ముంచుతూ వాడటమే పద్ధతి.

మూడో మెట్టు పటకారు. నేర్చుకునేవాడి తొలి పరీక్ష ఇదే. ఒక్క పటకారులో కమ్మరపు మూలపాఠాలన్నీ ఇమిడి ఉన్నాయి: దాగలి అంచున మెట్టు దించడం, మెలి తిప్పడం, పిడిని సన్నగా సాగదీయడం, బెజ్జం వేయడం, చీల వేసి బిగించడం. పైగా ఒకేలాంటి రెండు ముక్కలు రావాలి. ఒకటి చక్కగా వచ్చినంత మాత్రాన చాలదు, దాని జత కూడా అలాగే రావాలి. తేలిక దారి కోరుకునేవారు పట్టీ ఇనుమును దవడల దగ్గర తొంభై డిగ్రీలు మెలితిప్పి చేసుకోవచ్చు. దీనికి అధిక కార్బన్ ఉక్కు వాడకూడదు. వేడెక్కిన పటకారును నీళ్ళలో ముంచడం కొలిమి దగ్గర అలవాటు, అలా ముంచితే ఆ ఉక్కు పెళుసెక్కి విరుగుతుంది. సాదా మెత్తటి ఇనుమే సరి. అంగట్లో మంచి పటకార్లు దొరుకుతున్నప్పుడు ఈ శ్రమ ఎందుకని అడిగేవారున్నారు. కొన్న పటకారు ఏదో ఒక కొలతకు సరిపోతుంది. చేసుకోవడం వచ్చినవాడు పట్టవలసిన ముక్కను బట్టి దవడను మారుస్తాడు. పట్టు సరిగా కుదిరితేనే దెబ్బ సరిగా పడుతుంది.

నాలుగో మెట్టు సుత్తె. 40 మిల్లీమీటర్లకు పైబడిన ఉక్కు దిమ్మలో పిడి కోసం నిలువు బెజ్జం వేయాలి. దిమ్మను ఒకరు పట్టి తిప్పుతుంటే మరొకరు సమ్మెటతో కొట్టాలి. ఒంటరి అభిరుచి ఈ మెట్టు దగ్గర ఆగిపోతుంది. రెండో మనిషి కావాలి, ఇద్దరికీ లయ కుదరాలి. మన ఊళ్ళలో ఎన్నో కొలుముల దగ్గర సమ్మెట ఎత్తింది, తిత్తి ఊదింది ఇంటి ఆడవాళ్ళే. వాళ్ళ శ్రమ పేరెత్తకుండా కమ్మరి నైపుణ్యాన్ని మాత్రమే పొగడటం అన్యాయం. అమెరికా సంఘాలు ఈ రెండో మనిషి అవసరాన్ని మరో స్థాయికి తీసుకెళ్ళాయి. కారు చక్రాన్నే చోదకంగా వాడి నడిచే టైరు సుత్తెను, క్లే స్పెన్సర్ వ్యాప్తి చేసిన నమూనా ప్రకారం, సభ్యులు ఒకచోట చేరి కలిసి తయారు చేసుకుంటారు. అందరూ అందరి యంత్రాలకూ పని చేస్తారు, చివరకు తలా ఒకటి ఇంటికి తీసుకెళతారు.

వెల్డింగు యంత్రం, గ్రైండరు వాడవచ్చా అన్న తగువుకు నేను పెద్ద విలువ ఇవ్వను. దాగలి పీఠాన్ని వెల్డింగు చేస్తే విద్యకు వచ్చే లోటేమీ లేదు. పటకారును రెండు ముక్కలుగా కోసి వెల్డింగుతో అతికితే మాత్రం నేర్చుకోవలసిన అయిదు పాఠాలూ తప్పిపోతాయి. యంత్రం ఎక్కడ శ్రమ తగ్గిస్తోంది, ఎక్కడ చదువు తగ్గిస్తోంది అని చూసుకుంటే జవాబు దానంతటదే దొరుకుతుంది.

ఏ ఉక్కు, ఎంత పదును?

తుక్కు ఉక్కు మీద రెండు పక్షాలున్నాయి. తెలియని ఉక్కుతో పనిచేయడం కాలం వృథా, పేరు తెలిసిన ఉక్కే కొనమంటుంది ఒక పక్షం. తుక్కును పరీక్షించి తెలుసుకోవడమే విద్య అంటుంది రెండోది. పనిముట్ల వరకు నేను రెండో పక్షమే. లారీ పట్టీ స్ప్రింగుల్లో ఎక్కువగా ఉండేది ఈఎన్ 45 లాంటి స్ప్రింగు ఉక్కు, ఇరుసుల్లో మధ్యస్థ కార్బన్ ఉక్కు, బేరింగుల్లో సుమారు ఒక శాతం కార్బన్, ఒకటిన్నర శాతం క్రోమియం ఉండే ఈఎన్ 31. ఇంటి పునాదుల్లో మిగిలే టీఎంటీ కడ్డీలో కార్బన్ తక్కువ. దాని పైపొర గట్టిదనం మిల్లులో నీటితో చల్లబరచినందువల్ల వచ్చింది, కొలిమిలో పెడితే అది పోతుంది. కొక్కేలకు పనికొస్తుంది, ఉలికి పనికిరాదు. అనుమానం వస్తే చిన్న ముక్కను ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి విరిచి చూడాలి. గాజులా పుటుక్కుమంటే పదును పడుతుంది, వంగితే పట్టదు.

పదును పట్టించడంలో వేడిని కొలిచే సాధనం కన్నే. మసక ఎరుపు ఏడువందల డిగ్రీల లోపు, నారింజ తొమ్మిదివందలు దాటాక, పసుపు పదకొండువందల పైన. ఎండలో ఈ రంగులు మోసం చేస్తాయి. కొలిమిని నీడపట్టున, పైకప్పు కింద పెట్టుకోవడానికి అదీ ఒక కారణం. ఇనుము సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. స్ప్రింగు ఉక్కును అంతకు కాస్త పైదాకా కాల్చి గోరువెచ్చటి వంటనూనెలో ముంచితే గట్టిపడుతుంది. వాడిన ఇంజిన్ ఆయిల్‌లో లోహపు మలినాలుంటాయి, దాని పొగ పీల్చకూడదు.

అలా గట్టిపడ్డ ఉక్కు పెళుసుగా ఉంటుంది. కొంచెం మెత్తబరచాలి. ఉపరితలం మెరిసేలా రుద్ది, వెనకవైపు నుంచి మెల్లగా వేడి చేస్తే రంగులు కొన వైపు పాకుతాయి. 230 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు, 255 దగ్గర గోధుమ, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం. చెక్క చెక్కే ఉలికి గడ్డి రంగు దగ్గర ఆపాలి, ఇనుము నరికే ఉలికి ఊదా దాటనివ్వాలి. ఈ ఒక్క పాఠం సొంత ఉలి మీద నేర్చుకున్నవాడికి ఉక్కంటే ఏమిటో తెలిసినట్టే. కత్తి చేయాలనుకున్న రోజున మాత్రం మొదటి పక్షం మాట వినాలి. పేరు తెలిసిన కొత్త ఉక్కు కొనాలి. రోజుల తరబడి రుద్దిన పని, స్ప్రింగులో కంటికి కనిపించని పాత పగులు వల్ల చివరి నిమిషంలో విరగకూడదు.

కత్తి మోజు

2015లో హిస్టరీ చానల్‌లో మొదలైన ‘ఫోర్జ్‌డ్ ఇన్ ఫైర్’ అనే పోటీ కార్యక్రమం ఈ అభిరుచిని లక్షలమందికి పరిచయం చేసింది. మంచే జరిగింది. దానితోపాటు కమ్మరమంటే కత్తులే అన్న అపోహ కూడా వ్యాపించింది. కత్తి తయారీకి తన గౌరవం తనకుంది. 1973లో బిల్ మోరన్ రకరకాల ఉక్కులను అతికి చారలు తేల్చిన కత్తులు ప్రదర్శించాకే అమెరికాలో ఆ కళ మళ్ళీ లేచింది, మూడేళ్ళకు కత్తి కమ్మరుల సంఘం ఏర్పడింది. అయితే కత్తిలో ఎక్కువ భాగం రుద్దుడు పని, కొలిమి పని తక్కువ. మొదటి రోజే కత్తితో మొదలుపెట్టినవాడు రాయితో రుద్దడంలో ప్రవీణుడవుతాడు, సుత్తె వాడకం అలాగే ఉండిపోతుంది.

మన దేశంలో చట్టం సంగతి కూడా ఉంది. ఇంటి పనికి, పొలం పనికి కాకుండా, తొమ్మిది అంగుళాలకు మించిన పొడవు లేదా రెండంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తులు 1959 ఆయుధాల చట్టం, దాని నియమాల పరిధిలోకి వస్తాయి. సరదాకు ఖడ్గం చేయబోయేవారు ఇది తెలుసుకోవాలి. కొడవలి, కూరగాయల కత్తి, గొడ్డలి, బాడిస చేసేవారికి ఆ బెంగ లేదు. వాటిలో నేర్చుకోవలసినదీ ఖడ్గం కంటే తక్కువేమీ కాదు.

రాజీ పడకూడని చోట్లు

ప్రమాదాల గురించి భిన్నాభిప్రాయాలకు తావు లేదు. కంటి అద్దాలు లేకుండా ఒక్క దెబ్బ కూడా వేయకూడదు. దుస్తులు నూలువే ఉండాలి, పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. బొగ్గు కొలిమైనా గ్యాసు కొలిమైనా కార్బన్ మోనాక్సైడ్ విడుస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో, అపార్ట్‌మెంటు బాల్కనీలో కొలిమి పెట్టకూడదు. జింకు పూత ఉన్న గొట్టాలు, రేకులు నిప్పులో పెట్టకూడదు. 907 డిగ్రీలకు జింకు ఆవిరవుతుంది, ఆ పొగ జ్వరం తెస్తుంది, ఎక్కువ పీలిస్తే ప్రాణాంతకం కావచ్చు. నల్లబడ్డ ఇనుము చల్లారిందనుకుని ముట్టుకోవడం కొలిమి దగ్గర అన్నిటికంటే ఎక్కువగా జరిగే ప్రమాదం. నాలుగువందల డిగ్రీల ఇనుము కూడా పగటి వెలుగులో నల్లగానే కనిపిస్తుంది. చెవులకు రక్షణ కావాలి, వినికిడి మెల్లగా పోతుంది కాబట్టి పోయేదాకా తెలియదు. ఇరుగుపొరుగుకు శబ్దం, పొగ ఇబ్బంది కాకుండా వేళలు పాటించడం కూడా ఈ విద్యలో భాగమే.

మన కొలుములు ఏం నేర్పగలవు?

ఇంతవరకు చెప్పిన ఉద్యమం పడమటి దేశాలది. దానికి తెలుగు నేలతో నిజమైన బంధం ఒకటి ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలో కరిగించి చేసిన ఉక్కు పర్షియాకు వెళ్ళేది. భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ అక్కడి పద్ధతిని స్వయంగా చూసి రాసిన వివరణ, ఆయన మరణానంతరం 1832లో అచ్చయింది. ఇస్ఫహాన్ వర్తకుడు అక్కడికి వచ్చి ఉక్కు కొనుక్కోవడం కూడా ఆయన నమోదు చేశాడు. దక్షిణ భారతమంతా చేసిన ఈ రకం ఉక్కును యూరోపియన్లు ‘వూట్జ్’ అన్నారు. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే, చాకులు చేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి 1819 నుంచి దాని గుట్టు కోసం వెతికాడు, దొరకలేదు.

ఆ ఉక్కు మీద తేలే నీటి అలల వంటి చారల రహస్యానికి గట్టి సమాధానం చాలా ఆలస్యంగా, ఒక గుర్రపు నాడాల కమ్మరి షెడ్డులో దొరికింది. ఫ్లోరిడాకు చెందిన ఆల్ఫ్రెడ్ పెండ్రే తన కొలిమిలో ముద్దలు కరిగించి సాగగొట్టేవాడు, అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ లోహశాస్త్రవేత్త జాన్ వెర్‌హోవెన్ వాటిని సూక్ష్మదర్శినిలో చూసేవాడు. ఏళ్ళ తరబడి సాగిన ఈ జంట కృషి ఫలితం 1998లో వెలువడింది. ముడిఖనిజం నుంచి వచ్చిన వెనేడియం వంటి మూలకాలు లక్షలో కొద్ది పాళ్ళున్నా చాలు, పదేపదే కాల్చి కొట్టే క్రమంలో కార్బైడులు వరసలు కట్టి చారలు తేలతాయని వాళ్ళు చూపారు. ఒక్క ప్రయోగశాలే అయితే ఈ సమాధానం వచ్చేది కాదు. ఒక్క కొలిమే అయితే వచ్చినా ఎందుకో తెలిసేది కాదు. సొంత సామగ్రితో, సొంత షెడ్డులో ప్రయత్నాలు చేసేవారి వల్ల జ్ఞానానికి ఏం ఒరుగుతుందని అడిగేవారికి ఇంతకంటే మంచి జవాబు నాకు తెలియదు.

ఇప్పుడు మన ఊళ్ళ సంగతి. ఒకప్పుడు ఊరి ఆయగాళ్ళలో కమ్మరి ఒకడు. కర్రు సాగగొట్టినందుకు పంట మీద గింజలు కొలిచేవారు. ట్రాక్టరు వచ్చింది, నాగలి తగ్గింది, కొడవళ్ళు దుకాణంలో దొరుకుతున్నాయి. చాలా కొలుముల్లో పిల్లలు ఆ పని నేర్చుకోలేదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం పద్దెనిమిది వృత్తులను గుర్తించింది. అందులో కమ్మరంతోపాటు సుత్తెలు, పనిముట్ల తయారీ వేరే వృత్తిగా ఉంది. పనిముట్ల కోసం రూ. 15,000 దాకా సాయం, శిక్షణ, రుణం అందులో భాగం. ఈ సాయం అవసరమే. దానితోపాటు ఆ చేతుల్లో ఉన్న పనితనానికి కొత్త విద్యార్థులు, కొత్త గిరాకీ కూడా కావాలి. ఇంటి కొలిమి పెట్టుకునేవారు ఆ రెండూ ఇవ్వగలరు.

ఇందులో గుర్తుంచుకోవలసిన తేడా ఒకటి ఉంది. మన దగ్గర ఈ విద్య పుట్టుకతో వచ్చిన వృత్తిగా కొన్ని కుటుంబాలకు కట్టుబడి ఉండిపోయింది. సరదాకు వచ్చినవాడు విసుగొస్తే కొలిమి ఆర్పి వెళ్ళిపోగలడు, కమ్మరి ఇంటివాళ్ళకు ఆ వీలు లేదు. అందుచేత పెద్ద కమ్మరి దగ్గరకు ‘కాస్త చూపించు తాతా’ అని ఉత్త చేతులతో వెళ్ళకూడదు. సంగీతం మాస్టారికి, కంప్యూటరు శిక్షకుడికి ఇచ్చినట్టే నెల జీతం మాట్లాడుకుని వెళ్ళాలి. చేసిన వస్తువు అమ్మితే అందులో ఆయన వాటా ఆయనకు చెందాలి.

తేలినదేమిటి?

చర్చ అంతా కుదిస్తే మిగిలేవి ఇవి. మొదటి కొలిమి మట్టిది, ఇంధనం కట్టె బొగ్గు, దాగలి నిలబెట్టిన ఉక్కు దిమ్మ. కొనవలసినవి కిలో బరువున్న మంచి సుత్తె, కంటి అద్దాలు, ఆకురాయి, చిన్న బ్లోయరు. మిగతావన్నీ కొక్కెం, పంచ్, ఉలి, పటకారు, సుత్తె అనే వరసలో చేసుకోవలసినవి. కత్తి ఆ తరవాత. గ్యాసు కొలిమి, బెల్టు గ్రైండరు, యంత్రపు సుత్తె అవసరం పుట్టాకే.

పనిముట్లు కొనేయడం తప్పని నేను అనడం లేదు. కొన్న పనిముట్టు ఎందుకలా ఉందో ప్రశ్నించడం చేసుకున్నవాడికే వస్తుంది. దవడ ఎందుకు వంగింది, ఉలి కొన ఎందుకు నీలంగా ఉంది, సుత్తె ముఖం ఎందుకు కొద్దిగా ఉబ్బి ఉంది, వీటికి జవాబులు చేతికి తెలిసి ఉంటే, ఆ చెయ్యి ఇక ఏ వస్తువునైనా చేయగలదు, బాగుచేయగలదు. పాలిటెక్నిక్ కాలేజీలు, ఐటీఐలు తమ ఫిట్టింగు షెడ్డుల్లో ఒక మూల ఆదివారాలు తెరిచి, దగ్గరి ఊరి కమ్మరిని జీతమిచ్చి గురువుగా పిలిస్తే, నగరంలో చోటు లేనివారికి చోటు దొరుకుతుంది, ఆయనకు ఆదాయం, గౌరవం రెండూ దక్కుతాయి. దానికి కొత్త పథకం కూడా అక్కర్లేదు, పదిమంది ఆసక్తిపరులు కలిసి అడిగితే చాలు. అడగడం ఈ ఏడాదే మొదలుపెట్టాలి. ఉలి కొనకు ఏ రంగు దగ్గర నీళ్ళు చూపించాలో చెప్పగల పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు.